భానుమతి గారంటే పొగరు కథలేనా? మిస్సమ్మ గొడవ కాసేపు పక్కన పెట్టి మాట్లాడుకుందాం

రీలుడబ్బా
యూట్యూబ్‌లో మళ్లీ ఒక వీడియో తగిలింది. "భానుమతి అహంకారం" అని ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్, వెనకాల థ్రిల్లర్ సినిమా మ్యూజిక్. లోపల సగం మిస్సమ్మ గొడవ, మిగతా సగం ఎమ్జీఆర్‌తో గొడవ, అంతే. 1939లో వరవిక్రయంతో మొదలుపెట్టి 1998లో పెళ్లికానుక దాకా తెర మీద కనిపించిన మనిషి, మధ్యలో సినిమాలు తీసింది, డైరెక్ట్ చేసింది, సంగీతం కట్టింది, కథలు రాసింది, సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసింది, వీటిలో ఒక్కదాని గురించీ ఆ వీడియోలో ముక్క లేదు. కింద కామెంట్లలో మాత్రం "ఆ తలపొగరు వల్లే కెరీర్ పోయింది" అని ఒకటే గోల. పోయిందా అసలు? ఏ సంవత్సరంలో పోయిందో ఎవరైనా చెప్పండి. తెలిసినవాళ్లు రాయండి, నేను కూడా మధ్యమధ్యలో వస్తాను.

సావిత్రి_వీరాభిమాని
పొగరు లేదంటారా ఇప్పుడు? మొదట హీరోయిన్‌గా ఒప్పుకున్న మిస్సమ్మకు సెట్‌కి ఆలస్యంగా రావడం, నిర్మాత చక్రపాణి గారు అడిగితే వరలక్ష్మీ వ్రతం అనడం, క్షమాపణ రాసివ్వమంటే ససేమిరా అనడం, తీసిన నాలుగు రీళ్లు ఆయన తగలబెట్టడం, ఈ కథ పరిశ్రమలో అందరూ చెప్పేదే కదా. పోతే పోయింది, ఆ వేషంలో మాకు సావిత్రి దొరికింది, మాకేం బాధ లేదు 😄

రీలుడబ్బా
పక్కన పెడదాం అని టైటిల్‌లోనే రాశాను స్వామీ, రెండో పోస్టుకే తెచ్చిపెట్టారు.

ఒంగోలుగిత్త
ముందు మా ఊరి సంగతి చెప్పనివ్వండి. ఒంగోలు దగ్గర దొడ్డవరం, 1925 సెప్టెంబర్ 7న పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతం అంటే ప్రాణం, కూతురికి త్యాగరాజ కృతులు ఆయన దగ్గరే మొదలయ్యాయి. ఆ రోజుల్లో సంసారపక్షపు పిల్లను సినిమాలకు పంపడమంటే ఊరంతా ముక్కున వేలేసుకునే వ్యవహారం. అయినా ఆయన పంపాడు, పంపుతూ షరతులు పెట్టాడు. హీరో చెయ్యి పట్టుకోకూడదు, కౌగిలింతలు ఉండకూడదు. వరవిక్రయం నాటికి పిల్లకు పద్నాలుగేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. సి.పుల్లయ్య గారి దర్శకత్వం, కాళ్లకూరి నారాయణరావు గారి నాటకం. కట్నం కోసం ముసలివాడికి కట్టబెడుతుంటే ప్రాణం తీసుకునే కాళింది వేషం ఈవిడది, చెల్లెలు కమల వేషం పుష్పవల్లిది (హిందీ రేఖ వాళ్లమ్మ). ఇప్పుడు పొగరు అంటున్నారే, ఆ బిగువు ఆ ఇంటి షరతుల్లోంచి వచ్చిందని నా అభిప్రాయం. సెట్ మీద నాకు నచ్చనిది చెయ్యను అని చెప్పొచ్చని ఆ వయసులోనే చూసేసింది. మొదట్లో అది నాన్న మాట, పెళ్లయ్యాక సొంత మాట అయింది.

నల్గొండ_చిన్నోడు
అన్నా నాకు ఈ పాత సినిమాలు పెద్దగా తెలవదు. మా నాయనమ్మకు మంగమ్మగారి మనవడు అంటే పానం, టీవీలో వస్తే వంట పొయ్యి మీద మర్చిపోయి కూసుంటది. నాకు భానుమతి అంటే ఆ నాయనమ్మే. హీరోయిన్‌గా చేసిందని ఇంజనీరింగ్‌కి వచ్చినంక తెలిసింది. ఎక్కడ మొదలుపెట్టాల్నో చెప్పండి.

స్వరజతి
చిన్నోడూ, మల్లీశ్వరితో మొదలుపెట్టు, ఇంక వేరే మాట లేదు. 1951, వాహినీ, బి.ఎన్.రెడ్డి గారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు పాటలు రాయడం దానితోనే మొదలు, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, సెట్లు ఏ.కె.శేఖర్. చైనా వాళ్లు కూడా తమ భాషలో సబ్‌టైటిల్స్ వేసుకుని మరీ చూశారు.

చూసేటప్పుడు ఒక పని చెయ్యి. "మనసున మల్లెల మాలలూగెనె" వచ్చినప్పుడు మొహం కాకుండా గొంతు దగ్గర, భుజాల దగ్గర చూడు. పాట ముందే రికార్డు చేసిందే, అందరికీ లాగే ప్లేబ్యాక్‌కే పెదవులు కదిపింది. కానీ పాడింది తనే కాబట్టి ఊపిరి ఎక్కడ పీల్చిందో, ఏ అక్షరం దగ్గర గొంతు కొంచెం నిలిపిందో తనకు తెలుసు. ఆ నిలుపు దగ్గర కళ్లు కూడా ఆగుతాయి. మంచి నటీమణులు వేరేవాళ్ల గొంతుకు అద్భుతంగా పెదవి కలిపారు, కాదనను, లీల గారి పాటలకు సావిత్రి గారి మొహం చూస్తే ఎవరిదో గొంతు అనిపించదు. అయినా ఊపిరి కలవడం వేరు. గొంతు పెంచదు, గమకం ఎక్కువ చెయ్యదు, బావ వస్తాడో రాడో అన్న బెంగంతా ఆ పల్లవి రెండోసారి ఎత్తుకునే తీరులోనే ఉంటుంది.

అదే సినిమాలో "పిలచిన బిగువటరా" చూడు, సత్రంలో వానరాత్రి ఆట. ఇక్కడ గొంతులో చిలిపితనం, కొంచెం సవాలు. మారువేషంలో ఉన్న రాయలవారి ముందు నాగరాజు (ఆ బావే) వేళాకోళంగా మల్లికి అంతఃపురం పల్లకి పంపమనడం, అది నిజమై కూర్చోవడం, కథంతా ఆ ఒక్క మాట మీద తిరుగుతుంది.

సావిత్రి_వీరాభిమాని
మల్లీశ్వరి గొప్పదే. కానీ గొంతు సంగతి నిజం చెప్పుకుందాం. కొంచెం ముక్కుతో పాడినట్టు ఉంటుంది, బరువైన గొంతు. అందరికీ నచ్చదు. సుశీల గారి పాట విన్న చెవికి ఇది పట్టడానికి టైమ్ పడుతుంది.

స్వరజతి
ఒప్పుకుంటా, టైమ్ పడుతుంది. ఆ గొంతు ఎవరికీ అరువు ఇవ్వడానికి పనికిరాదు కూడా, ఇంకో మొహం మీద పెడితే అతకదు. నేను చెప్పేది కూడా అదే కదా. యాభైల్లోకి వచ్చేసరికి పాడేవాళ్లు వేరు, నటించేవాళ్లు వేరు అయిపోయారు. నాగయ్య గారి తరం వెనక్కి వెళ్లింది. సొంత గొంతుతో హీరోయిన్‌గా నిలబడినవాళ్లు ఎస్.వరలక్ష్మి, ఈవిడ, ఇంకెవరున్నారు చెప్పండి. హీరోయిన్ నచ్చకపోతే మార్చేసి పాటలు మాత్రం అట్టే పెట్టుకునే వీలు నిర్మాతకు ఈవిడ విషయంలో లేదు, మార్చితే పాట కూడా పోతుంది.

సాలిగ్రామం_వీధి
నమస్కారం, చెన్నై నుంచి. స్వరజతి గారు చెప్పిన దానికి ఇంకోటి కలుపుతాను. గొంతే కాదు, స్టూడియో కూడా సొంతం. మా చిన్నప్పుడు సాలిగ్రామం వైపు ఎవరికైనా దారి చెప్పాలంటే భరణి స్టూడియో గుర్తుగా చెప్పేవాళ్లు.

లెక్క ఇలా చూడండి. 1943లో కృష్ణప్రేమ సినిమా సెట్‌లో పి.ఎస్.రామకృష్ణారావు అసిస్టెంట్ డైరెక్టర్. ఈవిడ హీరోయిన్. అసిస్టెంటుకు పిల్లనివ్వడానికి తండ్రికి మనసొప్పలేదు. అయినా ఆ ఆగస్టులోనే పెళ్లి అయిపోయింది. ఇక సినిమాలు చాలు, ఇల్లు చూసుకుంటాను అనుకున్న మనిషిని బి.ఎన్.రెడ్డి గారు స్వర్గసీమ కోసం వెనక్కి పిలిచారు. 1945. ఆ సినిమా చూడనివాళ్లు తప్పకుండా చూడండి, ఎందుకంటే అందులో ఈవిడ మంచమ్మాయి కాదు. వీధిలో ఆడిపాడే సుబ్బి, నాటకాల సుజాతాదేవిగా మారి నాగయ్య గారి సంసారం కూల్చేస్తుంది. "ఓహోహో పావురమా" అని ఆవిడ గొంతు విడిచిన తీరుకు అప్పటి జనం ఊగిపోయారు. హీరో చెయ్యి తగలకూడదన్న షరతుతో వచ్చిన పిల్ల ఆరేళ్లలో ఇలాంటి వేషం వేసింది!

అక్కణ్ణుంచి 1948లో సొంత సంస్థ భరణీ పిక్చర్స్, రత్నమాల. 1949లో లైలామజ్ను, నాగేశ్వరరావు గారితో, సుబ్బురామన్ సంగీతం. అదే ఏడాది జెమినీ వాసన్ గారి అపూర్వ సహోదరర్గళ్, దాని హిందీ నిషాన్‌లోనూ ఈవిడే. ఇరవై నాలుగేళ్లకు తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో మార్కెట్, ఇంట్లో దర్శకుడు, చేతిలో సంస్థ. మిస్సమ్మ నుంచి బయటికి రావడం పొగరు అనే వాళ్లు ఈ లెక్క చూసి మాట్లాడాలి. మరుసటి నెల కూలి మీద ఆధారపడ్డ నటి ఆ పని చెయ్యలేదు. ఆవిడ చెయ్యగలదు, కాబట్టి చేసింది.

రీలుడబ్బా
ఇదీ నేను వెతుకుతున్న పాయింటు. స్వభావం అందరికీ ఉంటుంది అండీ, ఆ రోజుల్లో కోపం వచ్చిన నటీమణులు వందమంది ఉండి ఉంటారు, మింగుకుని ఉంటారు. కోపాన్ని బయట పెట్టి కూడా మర్నాడు పని చేసుకోగలిగే ఏర్పాటు ఈవిడకు ఉంది.

డల్లాస్_దోసకాయ
చండీరాణి గురించి ఎవరూ రాయలేదేంటి? తెలుగులో మొదటి మహిళా దర్శకురాలు అని చదవడమే కానీ సినిమా వివరాలు దొరకవు.

సాలిగ్రామం_వీధి
1953. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీశారు. అక్కచెల్లెళ్లు చంప, చండి రెండు వేషాలూ ఈవిడే, పక్కన రామారావు గారు. ఒకసారి ఆలోచించండి, ఒకే సీను మూడు భాషల్లో, ప్రతి భాషలోనూ తను రెండు పాత్రలు, మళ్లీ వెనక్కి వచ్చి కెమెరా పక్కన నిలబడి ఇంకొకళ్ల షాట్ చూడాలి. మధ్యలో సంగీత దర్శకుడు సుబ్బురామన్ పోయారు, మిగిలిన పని పూర్తి చేసిన కుర్రాడు ఎం.ఎస్.విశ్వనాథన్, తర్వాత ఏమయ్యాడో మీకు తెలుసు. సినిమాగా నాకు అంత గొప్పగా ఏమీ అనిపించదు, జానపదం, కత్తియుద్ధాలు, కొంచెం సాగదీత. కానీ ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి ఆ బండి మొత్తం లాగింది.

సావిత్రి_వీరాభిమాని
మా సావిత్రి కూడా డైరెక్ట్ చేసింది. చిన్నారి పాపలు, 1968.

సాలిగ్రామం_వీధి
చేశారు, అందరూ ఆడవాళ్లతో యూనిట్ పెట్టి చేశారు, ఆ తెగువకు దండం. కానీ పదిహేనేళ్ల తేడా ఉంది. ఇంకొకటి, సావిత్రి గారు ఆ ప్రయత్నాల్లో చేతులు కాల్చుకున్నారు. ఆ పక్క భరణి వాళ్ల ఆట జాగ్రత్త ఆట. ఒక సినిమా పోతే ఇంకొకటి తట్టుకునేట్టు, సొంత స్టూడియో, సొంత మనుషులు. ఇద్దర్నీ పోటీ పెట్టడం నాకు ఇష్టం లేదు గానీ మీరు మొదలుపెట్టారు కాబట్టి.

అటకమీదిపుస్తకం
సినిమాల మధ్యలో నేను దూరుతున్నాను. నాకు భానుమతి గారంటే ముందు అత్తగారి కథలు, తర్వాతే సినిమా. మా అమ్మ పెట్టెలో అట్ట ఊడిపోయిన కాపీ ఉండేది, వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట అదే చదవడం. తెలుగులో అత్తగారు అనగానే సూర్యకాంతం గారి గొంతు వినిపించే కాలంలో ఈవిడ రాసిన అత్తగారు పూర్తిగా వేరే మనిషి. మడి, ఆచారం, మొండిపట్టు, దాని వెనక పసిపిల్లంత అమాయకత్వం. కోడలు సినిమా స్టారు, ఇంటి నిండా నౌకర్లు, కార్లు. అయినా ఇంట్లో సర్వాధికారం అత్తగారిదే. కోడలు ఎక్కడా ఎదురు తిరగదు, కాస్త పక్కకు జరిగి చూస్తుంది, చూసింది మనకు చెప్తుంది, అంతే. హాస్యమంతా ఆ పక్కకు జరగడంలో ఉంది. "అత్తగారూ ఆవకాయ" చదవని ఆవకాయ ప్రియులు ఉంటే వెంటనే చదవాలి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దీనికి, సినిమా తార కదా అని ఇచ్చింది కాదు, చదివితే తెలుస్తుంది.

పొగరుబోతు అని పేరు పడ్డ మనిషి తన ఇంట్లో తనను తాను అంత చిన్నగా చేసుకుని రాయడం చూడండి. ఆవిడ ఆత్మకథ నాలో నేనుకు సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది, అందులోనూ ఎక్కువ పేజీలు నాన్న, సంగీతం, రామకృష్ణ గారు. స్టారు కబుర్ల కోసం వెళ్తే నిరాశే.

ఒంగోలుగిత్త
మా ఇంట్లో ఆ పుస్తకం అరువు తీసుకెళ్లిన మా పిన్ని ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. అడిగితే ఏ పుస్తకం అంటుంది.

నల్గొండ_చిన్నోడు
మల్లీశ్వరి సగం చూసిన. మస్తు నిదానంగా ఉంది గానీ ఆపబుద్ధి కాలే. ఒక డౌటు. ఎమ్జీఆర్ గొడవ ఏంది? వీడియోలో చెప్పింది నిజమేనా?

సాలిగ్రామం_వీధి
వీడియోలో ఏం చెప్పాడో తెలియదు. జరిగింది ఇది. మలైక్కళ్లన్ 1954, అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం, మదురై వీరన్ రెండూ 1956. అన్నీ ఎమ్జీఆర్ పక్కన, అన్నీ బ్రహ్మాండంగా ఆడినవి. ఇక్కడ ఒక సంగతి మనవాళ్లు మర్చిపోతారు, అప్పటికి తమిళంలో ఈవిడ పేరు చిన్నది కాదు. తర్వాత నాడోడి మన్నన్, ఎమ్జీఆర్ సొంత సినిమా, సొంత దర్శకత్వం. అన్నీ తన ఇష్టప్రకారం మళ్లీ మళ్లీ తీస్తున్నాడని ఈవిడకు పడలేదు, మాటామాటా వచ్చింది, మధ్యలో వదిలేసింది. ఆయన ఆ పాత్రను కథలోనే చంపేసి సరోజాదేవిని తీసుకొచ్చి పూర్తి చేశాడు. సినిమా మొదటి భాగం నలుపు తెలుపు, సరోజాదేవి వచ్చాక రంగులు! 1958లో విడుదలై చరిత్ర సృష్టించింది.

వీడియోల వాళ్లు చెప్పని భాగం ఏమిటంటే, అదే ఎమ్జీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే 1985లో ఈవిడ మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. శత్రుత్వం ఏదైనా ఉంటే అక్కడ కనిపించాలి కదా. అటు అణ్ణాదురై గారేమో నటనకు వ్యాకరణం చెప్పిన మనిషి అనే అర్థంలో బిరుదు ఇచ్చారు. ఆయన కథే రంగూన్ రాధ, 1956, శివాజీ గారు భార్యను పిచ్చిదని లోకాన్ని నమ్మించే భర్త, ఆ భార్య ఈవిడ. అరుపులు లేకుండా భయం ఎలా చూపించాలో ఆ సినిమా చూసి నేర్చుకోవచ్చు.

సావిత్రి_వీరాభిమాని
సరే, నా అసలు అభ్యంతరం రాస్తాను, ఊరికే కవ్వించడానికి రాయడం లేదు. మీరందరూ సొంత సంస్థ, సొంత స్టూడియో అని మెచ్చుకుంటున్నారు. దాని నష్టం కూడా చూడండి. యాభైల మధ్య నుంచి తెలుగులో వచ్చిన గొప్ప సినిమాలు ఎన్ని, అందులో భానుమతి ఎన్నింట్లో ఉంది? మిస్సమ్మ పోయింది. మాయాబజార్, మాంగల్యబలం, మూగమనసులు, వీటిలో ఒక్కదాంట్లోనూ లేదు. బయటి నిర్మాతలు భయపడ్డారు, ఈవిడేమో ఇంటి సంస్థలో ఇంటి దర్శకుడి చేతిలో ఎక్కువగా చేసింది. రామకృష్ణ గారు మంచి దర్శకుడే, కాని బి.ఎన్.రెడ్డి కాదు కదా. మల్లీశ్వరి స్థాయి సినిమా ఆవిడకు మళ్లీ పడలేదు. స్వేచ్ఛ ఉంది, నిజమే, కానీ ఆ స్వేచ్ఛతో తీసిన సినిమాలు ఆవిడ ప్రతిభకు సరిపోయాయా?

రీలుడబ్బా
ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చిన మంచి ప్రశ్న ఇదే.

స్వరజతి
విప్రనారాయణ సరిపోదా? 1954, భరణీ వాళ్లదే, రామకృష్ణ గారి దర్శకత్వమే, జాతీయ స్థాయిలో మెరిట్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. దేవదేవి వేషం. రంగనాథుడికి పూలు పెంచుకునే భక్తుణ్ణి, లోకం ఎరగని మనిషిని పంతం పట్టి లొంగదీసుకుంటుంది. "ఎందుకోయీ తోటమాలి" పాటలో ఆ పంతం ఎంత తియ్యగా ఉంటుందో, "సావిరహే తవ దీనా" దగ్గరికి వచ్చేసరికి అదే గొంతు జయదేవుడి అష్టపదిలోకి ఎలా ఒదిగిపోతుందో వినండి. గెలవడానికి వచ్చినది ఓడిపోయి ప్రేమలో పడుతుంది, ఆ మలుపు మాటల్లో కన్నా పాటల్లోనే తెలుస్తుంది. అక్కడ నాగేశ్వరరావు గారికి ఏ.ఎం.రాజా గొంతు, అదెంత మెత్తన, ఈవిడ గొంతెంత బరువు, ఆ రెండూ పక్కపక్కనే పెట్టిన రాజేశ్వరరావు గారి చెవికి నమస్కారం.

అటకమీదిపుస్తకం
బాటసారి కూడా చెప్పాలి. 1961, శరత్ బెంగాలీ నవల బడదీదీ. లోకజ్ఞానం లేని సురేంద్రగా నాగేశ్వరరావు గారు, వితంతువు మాధవిగా ఈవిడ. ఇద్దరి మధ్య ఉన్నది ఏమిటో ఎవరూ పేరు పెట్టి చెప్పరు. డబ్బులు రాలేదు ఆ సినిమాకి. కానీ బయటి నిర్మాత ఎవరైనా స్టార్ హీరోయిన్‌ను డ్యూయెట్ లేకుండా, బొట్టు లేకుండా, గొంతెత్తకుండా సినిమా పొడుగునా కూర్చోబెట్టేవాడా అప్పట్లో? సొంత సంస్థ ఉంది కాబట్టే తీశారు. వీరాభిమాని గారి ప్రశ్నకు నా జవాబు ఇదే. మల్లీశ్వరి స్థాయి కాకపోవచ్చు, వేరేచోట పుట్టే సినిమా మాత్రం కాదు.

సావిత్రి_వీరాభిమాని
బాటసారి ఇస్తాను మీకు. వివాహబంధం, గృహలక్ష్మి లాంటివి ఇవ్వను.

అటకమీదిపుస్తకం
అవి మీరే ఉంచుకోండి 🙂

డల్లాస్_దోసకాయ
మిస్సమ్మ మీద ఒక్క మాట అని పారిపోతాను, రీలుడబ్బా గారు తిట్టకండి. మొదట రెండో హీరోయిన్ వేషానికి అనుకున్న సావిత్రి పెద్ద వేషంలోకి, ఆ చిన్న వేషంలోకి జమున, ఒక్క గొడవతో ఇద్దరి జాతకాలు మారాయి. తన వల్ల మంచి నటి దొరికిందని భానుమతి గారే తర్వాత సరదాగా చెప్పుకున్నారంటారు. నాకు అర్థం కానిది వేరే. ఆ కథలో ప్రతిసారీ ఆవిడ పొగరే కనపడుతుంది, క్షమాపణ కాగితం రాసివ్వమన్న నిర్మాత పంతం ఎవరికీ కనపడదు. హీరో ఆలస్యంగా వస్తే ఆ కాగితం అడిగేవారా?

ఒంగోలుగిత్త
అడగరు. అంతే.

సాలిగ్రామం_వీధి
తమిళంలో అన్నై గురించి రాయకపోతే నా ఆత్మ ఘోషిస్తుంది. 1962, ఏవీఎం, కృష్ణన్-పంజు. కన్నతల్లి షావుకారు జానకి, పెంచిన తల్లి భానుమతి. తమిళ సినిమాలో ఇద్దరు తెలుగు ఆడవాళ్లు ఎదురెదురుగా. పెంచిన తల్లికి లోపల ఒకటే టెన్షన్, బిడ్డకు నిజం తెలిస్తే పోతాడేమోనని. ఆ భయంతో ప్రేమ ఎంత దబాయింపుగా మారుతుందో చూపించింది. అలాంటి తల్లిని చూసి మనకు జాలి కన్నా చిరాకు ముందు రావాలి, తర్వాత జాలి రావాలి. ఆవిడ ఆ క్రమం తప్పలేదు. వయసు ముప్పై ఏడు అప్పటికి. హీరోయిన్ వేషాల కోసం వెంపర్లాడకుండా అప్పుడే అమ్మ వేషంలోకి మారింది, మారినా కథ తన చుట్టూనే తిరిగింది.

స్వరజతి
తెలుగులో ఆ మార్పు అంతస్తులులో కనపడుతుంది, 1965. జగపతి వాళ్లది, జాతీయ అవార్డు వచ్చిన సినిమా. అందులో "దులపర బుల్లోడో" పాట, కొసరాజు గారి మాట, మహదేవన్ గారి బాణీ. ఆడపిల్లల వెంటపడే ఆకతాయిలను దుమ్ము దులపమని పాడుతుంది. శాస్త్రీయం పాడిన గొంతుతో అంత వీధి మాట ఎలా పలికిందో! ఆ మరుసటి ఏడాది పల్నాటి యుద్ధంలో నాయకురాలు నాగమ్మ, ఎదురుగా బ్రహ్మనాయుడు రామారావు గారు. పద్మశ్రీ కూడా 1966లోనే.

నల్గొండ_చిన్నోడు
రామారావు పక్కన హీరోయిన్, రామారావుకు ఎదురుగా నాగమ్మ. బాగుంది.

ఒంగోలుగిత్త
ఇంకా ఉంది తమ్ముడూ. 1974లో తాతమ్మ కల, రామారావు గారే దర్శకుడు, బాలకృష్ణ మొదటి సినిమా. అందులో భానుమతి రామారావుకు నాయనమ్మ, బాలకృష్ణకు తాతమ్మ. వయసులో ఆయన కన్నా రెండేళ్లు చిన్నది! అదే సంవత్సరం అమ్మాయి పెళ్లి, దర్శకత్వం భానుమతి, అందులో ఇదే రామారావు ఆవిడకు జంట. ఒకే ఏడాదిలో నాయనమ్మ, భార్య. ఆయన దర్శకుడైతే ఈవిడ ముసలమ్మ, ఈవిడ దర్శకురాలైతే ఆయన మొగుడు. నాకు ఇది ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వొస్తుంది.

డల్లాస్_దోసకాయ
😂😂 ఇది థంబ్‌నెయిల్ పెట్టాలి అసలు.

రీలుడబ్బా
ఇక చిన్నోడి మంగమ్మ దగ్గరికి వచ్చాం. 1984, భారతీరాజా తమిళ సినిమాకు రీమేక్, కోడి రామకృష్ణ గారు. బాలకృష్ణ కెరీర్‌ను నిలబెట్టిన సినిమా అంటారు, టైటిల్ చూడండి ఎవరి పేరు ముందు ఉందో. మంగమ్మ గారి మనవడు. హీరో ఆ టైటిల్లో మనవడు మాత్రమే. "శ్రీ సూర్యనారాయణా మేలుకో" వాణీ జయరాం గారితో కలిసి పాడింది, అరవైకి దగ్గరగా ఉన్నప్పుడు. గొంతు బరువెక్కింది, పట్టు మాత్రం పోలేదు. నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఆ సినిమా అంత ఆడేసరికి ఇక ఎవరు పిలిచినా అదే నాయనమ్మ, అదే గద్దింపు. 1992లో పెద్దరికం వచ్చేదాకా. అక్కడ కూడా గద్దింపే గానీ దానికి ఒక పగ, ఒక చరిత్ర ఉన్నాయి కాబట్టి ఆ గొంతుకు పని దొరికింది.

అటకమీదిపుస్తకం
ఆ వయసులో మగ నటులకు కాలేజీ కుర్రాడి వేషాలు ఇచ్చారు, ఈవిడకు నాయనమ్మ. అది ఆవిడ తప్పు కాదు. ఇంతలో 1982లో ఏం చేసిందో కూడా చెప్పండి, అందరూ పిల్లలతోనే భక్త ధ్రువ మార్కండేయ తీసింది, దర్శకురాలిగా. వయసైపోయింది ఇంట్లో కూర్చుందాం అనుకునే రకం కాదు. పద్మభూషణ్ 2001లో వచ్చింది, 2005 డిసెంబర్ 24న పోయారు. ఆ మధ్య ఏళ్లు కూడా రాతా, పాటా నడుస్తూనే ఉన్నాయి.

సావిత్రి_వీరాభిమాని
ఒకటి అడుగుతా. ఇంత ఉన్నా జనం గుండెల్లో సావిత్రి ఉన్నట్టు భానుమతి ఎందుకు లేదు? నిజంగా అడుగుతున్నా.

స్వరజతి
సావిత్రి గారి జీవితం విషాదం కాబట్టి. కష్టపడ్డ ఆడవాళ్లను మనం గుండెల్లో పెట్టుకుంటాం. ఈవిడ ఎవరి జాలీ కోరలేదు, డబ్బు దాచుకుంది, స్టూడియో కట్టింది, భర్తతో కాపురం చేసింది, కొడుకును చదివించింది, ముసలితనం దాకా పని చేసి పోయింది. దాని మీద సినిమా తీయడం కష్టం, మూడో అంకంలో ఏడిపించడానికి ఏమీ లేదు.

సావిత్రి_వీరాభిమాని
...దీనికి జవాబు ఆలోచించి రాస్తా.

నల్గొండ_చిన్నోడు
మల్లీశ్వరి అయిపోయింది. నాయనమ్మ కూడా చూసింది, మంగమ్మ ఇంత సక్కగుండెనా అని నమ్మలేదు, మొహం దగ్గరికి పెట్టి చూపించమంది. ఈ ఆదివారం తనకు ఇంకోటి పెట్టాలె. బాటసారా, విప్రనారాయణా?

అటకమీదిపుస్తకం
బాటసారి వద్దు నాన్నా, పెద్దావిడను ఆదివారం పూట ఏడిపించకు.

స్వరజతి
చక్రపాణి అనే సినిమా పెట్టు. 1954, హాస్యం, సంగీతం కూడా భానుమతి గారిదే. "మెల్లమెల్లగా చల్లచల్లగా" వచ్చినప్పుడు సౌండ్ కొంచెం పెంచు.

సావిత్రి_వీరాభిమాని
తర్వాత వారం మిస్సమ్మ పెట్టు.

రీలుడబ్బా
మోడరేటర్ ఎవరైనా ఉన్నారా ఇక్కడ?